చిన్న గ్లాసుడు నీళ్లతో ఎడారి

(రాజమండ్రిలో బొమ్మలు నేర్చుకుంటున్నవారి ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందుగా ఈ పుస్తకం మీ చేతుల్లోకి పంపిస్తున్నాను. ముందు వరసవాళ్లు చూసి వెనక్కి అందించండి. చేతులు తడిగా ఉంటే తుడుచుకుని పట్టుకోండి, నీళ్లు తగిలితే కరిగే పేజీలు ఇంకా ఉన్నాయి అందులో. మూడో పేజీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అది రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేర్ కోట. పైన ఆకాశం ఉండాల్సిన చోట నీలం మెట్లుమెట్లుగా, చారలుచారలుగా కనిపిస్తుంది కదా. మబ్బులనుకుంటారేమో. ఆ రోజు అక్కడ మబ్బు తునక కూడా లేదు. నా కుంచె ఆగిన చోటల్లా రంగు ఆరిపోయి కట్టిన గట్లు అవి.

నేను నీటి రంగులు నేర్చుకున్నది ఈ ఊళ్లోనే, గోదావరి గట్టున. మనకి గాలిలోనే నీళ్లుంటాయి. శ్రావణంలో ఆకాశానికి ఒక వాష్, అంటే నీళ్లెక్కువ కలిపిన పలుచటి రంగు పూత, వేసి, లోపలికి వెళ్లి కాఫీ తాగి వచ్చినా కాగితం మెరుస్తూనే ఉంటుంది. ఆ తడి మీద ఇంకో చుక్క రంగు వదిలితే దానంతట అదే పాకి మబ్బవుతుంది, అవతలి ఒడ్డు కొబ్బరిచెట్ల మసక అవుతుంది. ఏళ్ల తరబడి అదంతా నా చేతి పనితనం అనుకున్నాను. అందులో సగం గోదావరి గాలి చేసిపెట్టిందని ఎడారికి వెళ్లాకే తెలిసింది.

జైసల్మేర్ జిల్లాలో ఏడాదికి సగటున 200 మిల్లీమీటర్ల లోపే వాన. మన గోదావరి జిల్లాల్లో 1000 దాటుతుంది. నేను మొదటిసారి వెళ్లింది మార్చి ఆఖరి వారం. కోటకి ఎదురుగా ఒక డాబా మీద కూర్చుని, ఆకాశానికి నీలం కలుపుకుని, కాగితం ఎడమ అంచు నుంచి మొదలుపెట్టాను. కుడి అంచుకి చేరేసరికి ఎడమ అంచు ఎండిపోయింది. వెనక్కి వెళ్లి కలపబోతే ఆరిన రంగు మీద కొత్త రంగు ఎక్కి గీత పడింది. దాన్ని సరిచేయబోతే ఇంకో గీత. టెన్షన్ వచ్చి చెయ్యి తొందర పెంచాను. తొందరపడ్డకొద్దీ గట్లు ఎక్కువయ్యాయి. మీరు చూస్తున్న మూడో పేజీ అదే. చింపి పారేయకుండా ఉంచుకున్నాను, ఎందుకంటే నాకు పాఠం చెప్పిన పేజీ అది.

ఆ రాత్రి గదిలో కూర్చుని దాన్నే చూస్తూ ఆలోచించాను. తడి మీద తడి పద్ధతి అక్కడ సాగాలంటే కాగితాన్ని రెండు వైపులా నానబెట్టాలి, బండ కుంచె కావాలి, నీళ్లు ధారాళంగా వాడాలి. నీళ్లు ధారాళంగా వాడే పద్ధతి ఆ నేల మీద పెట్టుకోవడం ఏం సబబు? కాబట్టి బొమ్మ బరువంతా ఇంకు గీత మీద పెట్టాలనుకున్నాను. గీతకి నీళ్లక్కర్లేదు. గీత పూర్తయ్యాక రంగు ఒక్కసారే, ఒక్క పూతే, చిన్నచిన్న జాగాల్లో. ఆరిన అంచు ఎలాగూ పడుతుంది కాబట్టి అది బొమ్మలో ఎక్కడ పడితే బాగుంటుందో అక్కడే పడేలా చూసుకోవాలి.

మర్నాడు సమ్ వెళ్లాను. జైసల్మేర్‌కి పడమరగా సుమారు 40 కిలోమీటర్లు, అక్కడే పెద్ద ఇసుక దిబ్బలున్నాయి. తెల్లవారుతుండగా దిబ్బ మీదకి ఎండ వచ్చినప్పుడు చూడాలి. శిఖరానికి ఇటు వెలుగు, అటు నీడ, మధ్యలో కత్తితో కోసినట్టు గీత. పొగమంచు లేదు, తేమ లేదు, కలిసిపోవడం అనేదే లేదు. ముందు రోజు నా ఆకాశాన్ని పాడుచేసిన గట్టి అంచు ఉందే, సరిగ్గా అదే ఈ దిబ్బకి కావాలి! నీడ భాగం వరకే నీలం కలిసిన రంగు వేసి, శిఖరం దగ్గర కుంచె ఆపేశాను. ఊపిరి తీసి వదిలేలోగా ఆరిపోయింది. అంచు నిలబడింది. ఏడో పేజీ చూడండి. అందులో నేను సరిదిద్దింది ఏమీ లేదు.

దిబ్బ ఆకారం గురించి కొంచెం చెప్పాలి. చూడకుండా వేస్తే అందరం దిబ్బని రెండు వైపులా సమానంగా వాలిన త్రికోణంలా వేస్తాం, ధాన్యపు రాశిలా. అసలు దిబ్బ అలా ఉండదు. గాలి వచ్చే వైపు వాలు పొడుగ్గా, మెల్లగా ఎక్కుతుంది. శిఖరం దాటిన ఇసుక అవతలి వైపు జారిపడుతుంది, అందుకే అటు వాలు పొట్టిగా, నిటారుగా ఉంటుంది. నిటారు అన్నా దానికో హద్దుంది. పొడి ఇసుక సుమారు 34 డిగ్రీల దాకా నిలుస్తుంది, అంతకు మించితే జారిపోతుంది. చేటలోంచి బియ్యం కుప్పగా పోసి చూడండి, ఒక వాలు దాటాక మీరు ఎంత పోసినా గింజలు జారుతూనే ఉంటాయి. ఆ జారే వాలు ఒకసారి కంటికి పట్టుబడితే చాలు. ఇటు పొడుగు గీత, అటు పొట్టి గీత, రెండిటితోనే గాలి ఎటు నుంచి వీచిందో మీ బొమ్మ చెప్పేస్తుంది. ఆ శిఖర రేఖని మాత్రం ఆపకుండా, భుజం కదిపి ఒకే ఊపులో గీయండి. వేళ్లతో గీస్తే వణుకుతుంది.

ఇంకు సంగతి. బయల్దేరే ముందు ఒక షాపులో "ఇది నీళ్లకి పోదండీ" అని ఒక సీసా ఇచ్చారు. నమ్మి పెన్నులో నింపుకున్నాను. బడా బాగ్ దగ్గర రాజుల స్మారక మంటపాలు గంటన్నర కూర్చుని గీశాను. రంగు కుంచె తగలగానే స్తంభాలన్నీ ఊదాగా కరిగి కిందికి కారాయి. ఇంకుల్లో రెండు రకాలున్నాయి. ఒక దాంట్లో రంగు నీళ్లలో కరిగిపోయి ఉంటుంది, అది ఆరినా మళ్లీ తడి తగిలితే చాలావరకు లేస్తుంది. ఇంకో దాంట్లో రంగు సన్నటి పొడిగా తేలుతూ ఉంటుంది, అది ఆరాక కాగితాన్ని పట్టుకుని వదలదు. సీసా మీద ఏం రాసి ఉన్నా సరే, ఇంట్లో ఒక గీత గీసి, ఒక రాత్రి ఆరనిచ్చి, తడి కుంచెతో దాని మీద రాసి చూడండి. లక్క కలిపిన పాతరకం ఇండియన్ ఇంకు గట్టిగా నిలుస్తుంది. కానీ దాన్ని ఫౌంటెన్ పెన్నులో పోయకండి, లోపల గడ్డకట్టి పెన్ను పనికిరాకుండా పోతుంది. దానికి ముంచి రాసే నిబ్బే సరైనది. ఎడారిలో నిబ్బు మీద ఇంకు కూడా క్షణాల్లో బిగుసుకుంటుంది, అందుకని ప్రతి నాలుగు గీతలకీ నిబ్బుని తడిబట్టతో తుడవాలి. ఫౌంటెన్ పెన్నయితే చూస్తున్నంతసేపూ క్యాప్ పెట్టే ఉంచాలి.

ఇక రంగు. ఎడారి అనగానే పసుపు ట్యూబు మీదకి చెయ్యి పోతుంది. మిట్టమధ్యాహ్నం కళ్లు సగం మూసి ఇసుక వంక చూడండి. ఆకాశం కంటే ఇసుకే తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు ఇసుకకి కాగితం తెలుపునే వదిలి, ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు కలిసిన నీళ్లు అంటీ అంటనట్టు రాస్తే చాలు. ముదురు రంగు ఆకాశానికి పోవాలి. పొద్దున్నే అయితే నీడలు నీలంగా ఉంటాయి, ఎండ అందని ఇసుకకి వెలుగిచ్చేది నీలాకాశమే కాబట్టి. సాయంత్రం కోట రాయి బంగారంలా మెరుస్తుందని ఆ ఊరిని బంగారు నగరం అంటారు. ఆ మెరుపుని పసుపు దట్టించి తేబోతే బొమ్మ మురికిబారుతుంది. రాయి పలుచగా వేసి, పక్కన నీడలో అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపిన బూడిద రంగు పెట్టండి, రాయి తనే వెలుగుతుంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మాత్రం రంగులు కలపకండి, తీశాక చూస్తే ఒక్కటీ నిజం కాదు. తెల్ల కాగితం ఎండలో పెట్టుకున్నా అంతే, కళ్లు బైర్లు కమ్మి, కలిపిన ప్రతి రంగూ అవసరానికి మించి ముదురవుతుంది. నీడలోనే కూర్చోవాలి.

ఆ వెలుగు నిలిచేది కాసేపే. కాబట్టి నేను రంగుల్ని మాటల్లో రాసుకుంటాను. ఫ్రెంచి చిత్రకారుడు యూజీన్ దెలాక్రువా 1832లో ఒక రాయబార బృందంతో మొరాకో వెళ్లినప్పుడు ఇదే చేశాడు. ఆగి రంగులు వేసే తీరిక లేక చిన్న పుస్తకాల్లో గబగబా గీతలు గీసి, ఎక్కడ ఏ రంగో పక్కన రాసుకున్నాడు. 1863లో చనిపోయేదాకా ఆ ప్రయాణంలోంచి బొమ్మలు తీస్తూనే ఉన్నాడు. నేను మన మాటల్లో రాసుకుంటాను. పన్నెండో పేజీలో గీతల మధ్య చూడండి: గోడ దగ్గర "తాటిపండు గుజ్జు", గుమ్మం నీడలో "పాత ఇత్తడి చెంబు అడుగు", దూరపు దిబ్బ మీద "గంధంలో చిటికెడు పసుపు". ఎల్లో ఓకర్ అని రాసుకుంటే మూడు వారాల తర్వాత ఏ ఓకరో గుర్తుండదు. తాటిపండు గుజ్జు మాత్రం చచ్చినా మర్చిపోను. చిన్నప్పుడు చేతులకి అంటుకున్న రంగు అది.

నీడ అన్నాను కదా. ఎడారిలో నీడ అంటే ఖేజ్డీ చెట్టు. ఖూరీ అనే ఊరి బయట ఒక ఖేజ్డీ కింద కూర్చుని ఆకు గీస్తుంటే చెయ్యి ఆగిపోయింది. సన్నటి ఆకులు, కొమ్మకి చిన్న ముళ్లు... ఇది మన జమ్మి! దసరాకి పూజ చేసి, ఆకు పెద్దవాళ్ల చేతిలో పెట్టి దండం పెట్టుకునే జమ్మి. తెలంగాణకీ రాజస్థాన్‌కీ రాష్ట్ర వృక్షం ఇదే. జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ ఊళ్లో 1730లో రాజు మనుషులు ఈ చెట్లు కొట్టడానికి వస్తే, అమృతాదేవి అనే బిష్ణోయి స్త్రీతో మొదలై 363 మంది చెట్లని కౌగలించుకుని ప్రాణాలిచ్చారు. అది తెలిశాక ఆ చెట్టుని ఏదో పచ్చటి మచ్చలా వేసి వదిలేయడానికి మనసొప్పదు. పశువులకి ఆకు కోసం కొమ్మల్ని ఏటా నరుకుతారు, అందుకే మాను బుడిపెలుబుడిపెలుగా, పిడికిలి బిగించినట్టు ఉంటుంది. ఆ బుడిపెలు ఇంకుతో గీయాలి. ఆకుకి డబ్బాలో ఉన్న ఆకుపచ్చ పనికిరాదు, ఓకర్‌లో కొద్దిగా నీలం కలిపితే వచ్చే దుమ్ము పచ్చ సరిపోతుంది. పక్కనే జిల్లేడు కూడా ఉంది. అంత దూరం వెళ్లి జిల్లేడు పువ్వు గీస్తుంటే ఇంటి పెరట్లో కూర్చున్నట్టే అనిపించింది.

ఆ చెట్టుకి కాస్త దూరంలో రెండు గుడిసెలు, ఒక మట్టి ప్రహరీ. వాళ్లు దాన్ని ఢాణీ అంటారు. నా దగ్గర తాగే నీళ్లు మాత్రమే మిగిలాయి. వెళ్లి, ఇంటి పెద్దావిడని "మాజీసా, కుంచె కడగడానికి కాసిని నీళ్లు ఇస్తారా" అని హిందీలో అడిగాను. ఆవిడ లోపలికి వెళ్లి చిన్న స్టీలు గ్లాసుతో తెచ్చారు. సగం కంటే కొంచెం ఎక్కువ. ఇచ్చి పక్కనే కూర్చుని నేను వేసేదంతా చూశారు. వాళ్ల నీళ్లు వచ్చేది టాంకా నుంచి. నేలలో గుండ్రంగా తవ్వి గచ్చు చేసిన తొట్టి అది, చుట్టూ నేలని దాని వైపే వాలుగా చదును చేస్తారు, ఏడాదికి పడే ఆ నాలుగు వానలూ అందులోకి చేరతాయి. మూతకి తాళం కూడా ఉంది.

బొమ్మ అయిపోయింది. మిగిలిన రంగు నీళ్లు పారబోయబోతే ఆవిడ చెయ్యి చాపారు. "ఇలా ఇయ్యి బేటా, రేగు మొక్కకి పోస్తాను." నా గుండె ఆగినంత పనైంది. ఆ రోజు నేను వాడిన ఎరుపు కాడ్మియం. అది విషపు లోహం. మట్టిలో పోస్తే మొక్కకి, ఆ మొక్క ఆకు తినే మేకకి చేరొచ్చు. ఆ మాట ఆవిడకి ఎలా చెప్పను? చివరికి ఉన్నదున్నట్టే చెప్పాను, ఈ రంగులో విషం ఉంది మాజీసా, మొక్కకి వద్దు అని. ఆవిడ నా వైపు కాసేపు చూశారు. తిట్టలేదు. "మరి అలాంటిది నీళ్లలో ఎందుకు కలిపావు?" అన్నారు.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ నీళ్లు నా సీసాలో పోసుకుని వెనక్కి తెచ్చుకున్నాను. ఆ ప్రశ్న నాతో పాటే రైలెక్కింది. ఇంటికి వచ్చాక డబ్బాలోంచి కాడ్మియంలు తీసేశాను, అదీ లోహపు రంగే కదా అని కోబాల్ట్ కూడా తీసేశాను. ఇప్పుడు ఎడారికి నేను తీసుకెళ్లేవి మూడే: ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీన్. మొదటి రెండూ ఇనుము కలిసిన మట్టి రంగులు, ఆ నేల లాంటి నేలలోంచి వచ్చినవే. మూడు రంగులతో ఏం వేస్తారండీ అని అడుగుతుంటారు. ఆ తర్వాత వేసిన పేజీల్లో మీరు చూసే ఎడారి అంతా ఆ మూడే.

ఎరుపు కావాల్సింది ఒక్క చోట, ఆడవాళ్లు తల మీద కప్పుకునే ఓఢ్నీలకి. వాటికి సియెన్నా దట్టంగా వేసి, చుట్టూ అంతా పలుచన చేస్తాను. కంటికి ఎరుపుగానే ఆనుతుంది.

రంగు బిళ్లల గురించి ఒక మాట. నీటి రంగుల్ని పట్టి ఉంచేది తుమ్మజాతి చెట్టు బంక. ఆ జాతి చెట్టే ఈ థార్ ఎడారిలోనూ పెరుగుతుంది, కుమట్ అంటారు. ఆ పొడి గాలికి బంక ఎండి, బిళ్లలు బీటలువారి పాలెట్‌లోంచి ఊడిపడతాయి. తేనె కలిపి చేసిన రంగులు కొంత మెరుగు. నేను మూత లోపల చిన్న తడి స్పాంజి ముక్క పెట్టి మూస్తాను.

రెండోసారి డిసెంబరులో వెళ్లాను. చలికాలం పొద్దున పూట వాష్ కొంచెం సేపు తడిగా ఉంటుంది, అదొక వరం. ఈసారి ఎక్కువగా ఒంటెలు గీశాను. ఒంటె కూర్చున్నప్పుడే మొదలుపెట్టండి, నెమరు వేస్తూ చాలాసేపు కదలదు. ముందు మోకాళ్లు మడిచి, తర్వాత వెనక కాళ్లు మడిచి కూర్చుంటుంది. లేచేటప్పుడు వెనక భాగం ముందు లేస్తుంది. ఛాతీ కింద గట్టి కాయలాంటి మెత్త ఉంటుంది, కూర్చున్నప్పుడు బరువు దాని మీద పడుతుంది. అది గీయకపోతే ఒంటె నేల మీద తేలుతున్నట్టుంటుంది. నడిచే ఒంటెని ఒకటి వేసి దాని యజమానికి చూపించాను. ఆయన నవ్వి, పేజీ మీద వేలు పెట్టి, "భాయ్, ఇది గుర్రం నడక" అన్నారు. తన ఒంటెని అటూ ఇటూ నడిపించి చూపించారు. ఒంటె ఒకే వైపు రెండు కాళ్లూ కలిపి వేస్తుంది, అందుకే పైన కూర్చున్నవాళ్లు పక్కలకి ఊగుతారు. పక్కపక్క పేజీల్లో రెండు బొమ్మలూ ఉన్నాయి, రెండోది ఆయన దిద్దించినది. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద ఒంటెలు దాదాపు రెండున్నర లక్షలే, అంతకు ముందు గణనలో 4 లక్షలుండేవి. ఆ లెక్క చదివాక ముక్కుకి వేసే పుల్ల, తాడు, జీను కింది గొంగడి, అన్నీ ఓపిగ్గా గీయడం మొదలుపెట్టాను. అన్నట్టు, షాపుల్లో "కేమెల్ హెయిర్" అని అమ్మే కుంచెల్లో ఒంటె వెంట్రుక ఉండదు, ఎక్కువగా ఉడుత వెంట్రుకలే.

జైసల్మేర్‌లోని పట్వాల హవేలీ గురించి అడుగుతారని తెలుసు. 19వ శతాబ్దంలో వర్తకులు కట్టించుకున్న ఐదు ఇళ్ల వరస అది. ఒక్కో కిటికీ మీద ఉన్న చెక్కడం చూస్తే పెన్ను ముందుకి కదలదు. అంతా గీయాలని కూర్చుంటే అంతా నల్లబడిపోతుంది. ఒక్క ఝరోకా, అంటే గోడ నుంచి ముందుకొచ్చిన కిటికీ, మూల మాత్రం జాలీ అల్లిక కన్నాలతో సహా గీసి, మిగతా గోడంతా నాలుగు గీతల్లో వదిలేశాను. కన్ను మిగిలినదంతా తనే చెక్కుకుంటుంది.

పుస్తకం వెనక వరసకి చేరినట్టుంది. సరే, ఇప్పుడు అందరం పుష్కర ఘాట్‌కి వెళ్దాం. గుమ్మం దగ్గర బల్ల మీద చిన్న స్టీలు గ్లాసులు పెట్టాను, ఒక్కోదాంట్లో సగం నీళ్లున్నాయి. ఒక్కొక్కరు ఒకటి తీసుకోండి. కొవ్వూరు వైపు పొద్దు వాలుతోంది, లంక అంచున ఇసుక మీద ఇంకో అరగంట వెలుగుంటుంది. ముందు ఇంకు గీత, తర్వాత ఒకే పూత. పక్కనే గోదావరి ఉంది కదా అని మళ్లీ నింపుకోకండి. ఆ సగం గ్లాసుతోనే పూర్తి చేయండి.